గడ్డిపర్తి వారి నొప్పులు

పొద్దు పొడవగానే కల్లంలో మిరపకాయల మీద కప్పిన పట్టాలు తీయాలి. మంచు తగిలి కాయ రంగు మారిందంటే మిర్చి యార్డులో దాన్ని కన్నెత్తి చూసేవాడుండడు. సందీప్ ఒక కొస పట్టుకుంటే వాళ్లమ్మ శేషమ్మ రెండో కొస పట్టుకుని లాగేది. తర్వాత ఆమె పొట్టకి బెల్టు బిగించుకుని తాలు కాయలేరడానికి కూర్చునేది. సందీప్ పెళ్లాం భవిత తొమ్మిదో నెల పొట్టేసుకుని టీ తెచ్చి, తనూ ఓ పీట లాక్కోబోతే అత్త కసిరేది.

"ఘాటుకి దగ్గొస్తది. లోపలికి పోమ్మా."

"మీకు రాదా అత్తయ్యా?"

"నాకొస్తే ఎవరికి పట్టింది?"

మాచవరం మండలంలో ఒక ఊళ్లో, ప్రెసిడెంటు నరసింహారావు గారి కల్లంలో రోజూ జరిగే తంతే ఇది. ఆయన ప్రెసిడెంటుగా దిగిపోయి పదేళ్లయింది. ఊరు ఆ పేరుతో పిలవడం మానలేదు, ఆయన పలకడం మానలేదు.

ఈ గడ్డిపర్తి వాళ్లింట్లో ఒక సంగతుంది. అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు. ఆ ఇంట్లో కాన్పు నొప్పులు మగాడికొస్తాయి. కడుపు ఆడదానిది, బిడ్డ వచ్చేదీ ఆడదాని కడుపులోంచే, నొప్పులు మాత్రం మొగుడికి. ఎందుకంటే ఏం చెబుతాం? కొందరిళ్లల్లో బట్టతల, కొందరిళ్లల్లో షుగరు, వీళ్లకిది. అందుకే తొలి కాన్పుకి కోడళ్లని పుట్టింటికి పంపరు. ఎప్పుడో ఒకసారి పంపారు. ఇక్కడ సందీప్ తాత పిచ్చయ్య అరక వదిలేసి చాళ్లల్లో పడి పొర్లుతుంటే, గురజాలలో ఆయన భార్య తనకి కాన్పవుతుందని తెలియక తిరగలి ముందు కూర్చుని పిండి విసురుకుంటుందంట. బిడ్డ దక్కడం ఆమె అదృష్టం. అప్పట్నించి నొప్పులూ మనిషీ ఒక్కచోటే ఉండాలని కట్టుబాటు పెట్టుకున్నారు.

ఆ కాలం మగాళ్లు పడ్డారు, లేదనను. పశువుల కొట్టంలో గుంజని కావలించుకుని, తువ్వాలు పళ్ల మధ్య కుక్కుకుని పడ్డారు. పడినాక పెళ్లాం పక్కనే కూర్చుని నెలరోజులు పథ్యం కూడు తిన్నారు. ఆ తర్వాత నరసరావుపేటలో ఆసుపత్రులు పెరిగాయి, ఆపరేషన్లు పెరిగాయి. నొప్పులు మొదలు కాకముందే కోసి బిడ్డని తీస్తే ఇక నొప్పులెక్కడివి? ఈ తెలివి గడ్డిపర్తి వాళ్లలో మొదట నరసింహారావుకొచ్చింది. పెద్దకొడుకు శ్రీకాంత్ పుట్టినప్పుడు శేషమ్మని కోయించాడు. మూడేళ్లకి సందీప్ పుట్టినప్పుడు మళ్లీ కోయించాడు. దానికి ముహూర్తం అని పేరు పెట్టాడు. ఆయన్ని చూసి అన్నదమ్ములు, అన్నదమ్ముల పిల్లలు, అందరూ అదే బాట పట్టారు.

కోత నొప్పి మొగుడికి రాదు. అది ఎవరిది వాళ్లదే. కోసిన చోట పేగు ముందుకు తన్నుకొచ్చి శేషమ్మ ఇరవై ఎనిమిదేళ్లుగా బెల్టు కట్టుకుని తిరుగుతుంటే, "ఆడాళ్లన్నాక ఏదో ఒక రోగం ఉంటానే ఉంటది" అంటాడాయన. సిగ్గుండాలి. బిడ్డ అడ్డం తిరిగితే కొయ్యాల్సిందే, తల్లి ప్రాణం మీదికొస్తే కొయ్యాల్సిందే, దాన్నెవరు కాదన్నారు? మొగుడు ఒకపూట నొప్పి పడకుండా ఉండాలని పెళ్లాన్ని కొయ్యించేవాణ్ణి మీరేమంటారో మీ ఇష్టం. నా నోటికొచ్చే మాట ఇక్కడ రాయను.

ఫిబ్రవరి ఆఖర్లో తండ్రీ కొడుకులు ఆసుపత్రి చూడ్డానికని నరసరావుపేట పోయారు. కనేది భవిత, పోయింది వీళ్లిద్దరూ. "నేనూ వస్తా" అని ఆ పిల్ల చెప్పులేసుకుంటే, "కారు కుదుపులకి మంచిది కాదమ్మా" అన్నాడు నరసింహారావు. అదే పిల్ల ఎనిమిదో నెల దాకా బస్సెక్కి పిడుగురాళ్ల పోయి బళ్లో లెక్కల పాఠాలు చెప్పొచ్చింది. అప్పుడు కుదుపులు లేవు కాబోలు.

మొదటి ఆసుపత్రి బోర్డు మీద డాక్టరు ఇంటిపేరు చదివి, "మనోళ్లు కాదురా" అని మెట్లెక్కకుండానే వెనక్కి తిరిగాడు నరసింహారావు. గుండెపోటొచ్చినా ఇంటిపేరు చూసుకుని మెట్లెక్కే జాతి మనది.

రెండోది మనోళ్లదే. అక్కడ వయసు మళ్లిన డాక్టరమ్మ భవిత కాగితాలన్నీ తిరగేసింది.

"బిడ్డ తల కిందకే ఉంది. బరువు బాగుంది, తల్లికి రక్తం బాగుంది. ఎందుకయ్యా కొయ్యడం? నొప్పులు రానివ్వండి."

"మా ఇంటి సంగతి మీకు తెలీదేమో మేడం" అన్నాడు సందీప్.

"ఎందుకు తెలీదు? నీకు బీపీ ఉందా?"

"లేదండి."

"షుగరు?"

"లేదు."

"మరింకేం? పడు. చావవులే."

బయటికొచ్చాక నరసింహారావు రోడ్డు మీద కాండ్రించి ఉమ్మాడు. "చేతగానోళ్ల మాటలు ఇట్టాగే ఉంటయ్యి" అన్నాడు.

మూడోదానికి అద్దాల తలుపులు, లోపల చల్లగా ఏసీ. "సిద్ధాంతి గారి టైం తెచ్చుకున్నారా, మమ్మల్నే పెట్టించమంటారా?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి. గడ్డిపర్తి వాళ్లమనగానే డాక్టరు లేచి కుర్చీలు చూపించాడు.

"మీవాళ్లవన్నీ మన దగ్గరేగా! ముప్పై ఎనిమిది వారాలు నిండంగానే చేసేద్దాం. మగవాళ్లకి ఏ ఇబ్బందీ రాకుండా చూసే పూచీ నాది."

సందీప్‌కి ప్రాణం లేచొచ్చింది. లేచి డాక్టరు రెండు చేతులూ పట్టుకున్నాడు. భవిత అనే పేరు ఆ గదిలో కాగితం మీద ఉంది గానీ ఎవరి నోట్లోనూ లేదు. వచ్చే గురువారం పొద్దున పది గంటల పద్దెనిమిది నిమిషాలు. ఆ ఘడియలో పుట్టినోడు అసెంబ్లీ మెట్లెక్కుతాడని సిద్ధాంతి ఫోన్లోనే హామీ ఇచ్చాడు. పుట్టేది మగపిల్లాడేనని ఎవరు చెప్పారో మరి!

ఇంటికొచ్చి చెబితే భవిత చాట పక్కన పెట్టి లేచింది.

"కాయలమ్మడానికి యార్డుకి పోయినా ముందు శాంపిలు చూపించి అడుగుతారు. నన్ను అడిగారా?"

"నాన్న చూసుకున్నాడు భవితా. అది మంచి ఆసుపత్రి. ఏసీ రూము."

"ఏసీలో కోస్తే తెగదా? ప్రతి నెలా మాచవరం సర్కారు ఆసుపత్రిలో చూపించుకుంటున్నానా లేదా? నర్సు రూతమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి, 'సుఖంగా కంటావే పిల్లా' అందా లేదా? నాకు అక్కడే కనాలనుంది. అక్కడ నాకు చెప్పి చేస్తారు, నన్నడిగి చేస్తారు."

సందీప్ తల దించుకున్నాడు. "నాకు భయం" అన్నాడు చివరికి.

"ఏందీ?"

"నొప్పులంటే భయం. తాత కేకలు మూడూళ్లకి వినపడేవంట."

"నీకు నొప్పంటే భయం, అందుకని నా పొట్ట కొయ్యాలి. నాకు కత్తంటే భయం ఉండగూడదు. అంతేగా?" భవిత చాటని కాలితో పక్కకి నెట్టింది. "అత్తయ్యని చూస్తన్నావుగా రోజూ. మీ అమ్మ బెల్టు కట్టుకోవడం చూసి పెరిగినోడివి, నీకెట్టా మనసొప్పిందయ్యా?"

వాడు విసురుగా బయటికి పోయి బండి స్టార్టు చేశాడు. గురువారం గురువారంలానే ఉండిపోయింది.

సోమవారం పొద్దున కల్లంలో పట్టా లాగుతుంటే సందీప్ నడుంలో ఏదో కలుక్కుమంది. కలుక్కుమని ఊరుకోలేదు. పలుపుతాడు బిగించినట్టు నడుం చుట్టూ తిరిగి, పొత్తికడుపులోకి దిగి, మెల్లగా వదిలింది. వాడు పట్టా కొస వదలకుండా అట్టాగే నిలబడ్డాడు. పావుగంటకి మళ్లీ వచ్చింది. ఇంకో పావుగంటకి ఇంకోటి. "ఏందిరా, అట్టా వంగిపోయావు?" అని శేషమ్మ అడిగితే, "గ్యాసు" అన్నాడు.

అబద్ధం చెప్పాడు! నొప్పి వాడికొస్తుందంటే బిడ్డ అక్కడ దారి వెతుక్కుంటుందని అర్థం. వంటింట్లో దోసెలు పోస్తున్న ఆ పిల్లకి ఆ సంగతి చెప్పగలిగినోడు భూమ్మీద వాడొక్కడే. వాడు మట్టసంగా పోయి వాళ్ల నాన్నకి చెప్పాడు.

నరసింహారావు గడప మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. "ఇవాళ నక్షత్రం మంచిది కాదు. పళ్లు బిగించు. ఎవరితోనూ అనమాక."

"ఎప్పటిదాకా నాన్నా?"

"గురువారం దాకా."

"నా వల్ల కాదు."

"మగపుటక పుట్టలా? మూడ్రోజులు ఓర్చుకోలేవా?" అని నొప్పి బిళ్ల ఒకటి చేతిలో పెట్టాడు. చూశారా, ఎంత గుండె ధైర్యమో! జన్మలో ఒక్క నొప్పి ఎరగని మనిషి మూడ్రోజుల నొప్పులు ఇంకొకడికి పంచిపెడుతున్నాడు.

తొమ్మిదింటికి నొప్పులు ఐదు నిమిషాలకొకటి అయ్యాయి. బిళ్ల పనిచెయ్యలేదు. సందీప్ కల్లం వెనక్కి పోయి మిరపకాయల రాశి మీద బోర్లా పడి, గుప్పిళ్లతో కాయలు నలిపేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లో భవిత కాళ్ల మధ్య నుంచి వెచ్చగా నీళ్లు జారాయి. నొప్పీ లేదు, నలతా లేదు. కింద గచ్చు వంక చూసింది. చూసి, గరిటె పొయ్యి పక్కన పెట్టి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నేరుగా కల్లంలోకి నడిచొచ్చింది. వెనకాలే శేషమ్మ పరిగెత్తింది.

మిరపకాయల్లో పొర్లుతున్న మొగుణ్ణి చూసింది భవిత.

"ఎప్పట్నించి?"

వాడు మొహం కాయల్లోకి తిప్పుకున్నాడు.

"నిన్నేనయ్యా! ఎప్పట్నించి?"

"పట్టాలు తీసేటప్పట్నించి."

చెంప మీద కొట్టింది. ఆ దెబ్బకి కోళ్లు బెదిరాయి. "మూడు గంటల్నించి నా బిడ్డ బయటికొస్తంటే నాకు చెప్పవా? దానికేమన్నా అయితే నాకెట్టా తెలిసేది? నాకు తెలిసే దారి నువ్వొక్కడివేగదరా!"

ఆ 'రా' వాడికి తగలాల్సిన చోట తగిలింది. దెబ్బకి ఏడవనోడు దానికి ఏడ్చాడు. అవతల నరసింహారావు ఫోన్లో డాక్టరుతో అరుస్తున్నాడు. "ముందే మొదలయ్యాయండీ... ఆపే ఇంజక్షన్ ఏదన్నా... పోనీ ఇవాళే పన్నెండు దాటాక మంచి ఘడియ ఉందేమో కనుక్కుని... ఆ, తెచ్చేస్తా, కత్తులూ అవీ సిద్ధం చేసుకోండి..."

మూటలెత్తడానికొచ్చిన అబ్దుల్ జబ్బార్ ఆటో కల్లం ముందే ఉంది. శేషమ్మ కోడల్ని ఎక్కించింది. సందీప్ పాక్కుంటూ వచ్చి పక్కన కూలబడ్డాడు. జబ్బార్ కిక్కు కొట్టి వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి బాబూ?"

అదీ ప్రశ్న. నరసరావుపేటైతే గంటన్నర ఓర్చుకుంటే చాలు, ఆమె వెన్నులో సూది, ఆమె పొట్టకి కోత, ఇక వాడి నొప్పులు ఆగిపోతాయి. మాచవరమైతే పది నిమిషాలే. కానీ అక్కడ ఎవరూ ఆపరు, చివరిదాకా వాడే పడాలి. ఇంకో నొప్పి లేచింది. ఆటో రాడ్డు పట్టుకుని వేలాడుతుంటే, వాడి నోట్లోంచి నరసరావుపేట అనే మాట సగం వచ్చింది. పక్కన భవిత మొహం చూశాడు. పెదాలు బిగబట్టుకుని రోడ్డు వంక చూస్తుంది. బతిమాలడం లేదు. వీడు ఎటు చెబుతాడో ఆమెకి తెలుసన్నట్టుంది ఆ మొహం. అది వాడికి ఆ నొప్పి కంటే ఎక్కువైంది.

"భవితా, ఎక్కడికి పోదాం?"

"ఇప్పుడా అడిగేది?"

"ఇప్పుడే. చెప్పు, నీ ఇష్టం."

"రూతమ్మ దగ్గరికి."

"మాచవరం పోనీ మామా" అన్నాడు సందీప్. అని, జబ్బార్ భుజం కొరికినంత పని చేశాడు.

రూతమ్మ ఇరవై ఏళ్లుగా ఆ ఆసుపత్రిలో కాన్పులు చేస్తుంది. గడ్డిపర్తి వాళ్ల సంగతి ఆమెకి వాళ్లమ్మ చెప్పింది. వాళ్లమ్మ పిచ్చయ్యకి నడుం పట్టిన మనిషి. గుమ్మంలో ఇద్దర్నీ చూసి, "ఆమెని బల్ల మీద పడుకోబెట్టండి, ఆయనకి స్టూలెయ్యండి" అంది, అంతే. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ వచ్చి బిడ్డ గుండె చప్పుడు విని బాగుందని చెప్పింది.

"ఇదిగో అబ్బాయ్, ఎన్ని నిమిషాలకొస్తున్నయ్యి?" అనడిగింది రూతమ్మ.

"మూడు... అమ్మా! మూడు."

"దాచగూడదు. ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో ఉన్నదున్నట్టు చెప్పు. ఆమె నీ మాట మీదే ముక్కాలి." భవిత వైపు తిరిగింది. "చూడు తల్లీ, నీ మొగుడు అరిచినప్పుడు నువ్వు ముక్కు. ఆపినప్పుడు ఊపిరి పీల్చుకో."

"వచ్చింది!" అని సందీప్ అరుస్తాడు. భవిత గడ్డం గుండెకానించి ముక్కుతది. "పోయింది" అంటాడు. ఆమె వెనక్కి వాలిపోతది. పదకొండైంది, పన్నెండైంది. వాడి చొక్కా తడిసి ఒంటికంటుకుంది. మధ్యలో ఒకసారి వాడు, "రూతమ్మత్తా, నరసరావుపేట పంపించెయ్యండి, మీకు దణ్ణం పెడతా" అని కాళ్ల మీద పడబోయాడు. రూతమ్మ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. "లే! ప్రతి ఆడదీ ఈ మాట అంటది. అని, మళ్లీ లేస్తది. నువ్వూ లే." వాడు లేచాడు. భవిత చెయ్యి అందించింది, వాడు పట్టుకున్నాడు. ఎవరు ఎవరికి ఆసరానో చెప్పడం కష్టం.

పన్నెండున్నరకి బయట కారు ఆగింది. నరసరావుపేట దాకా పోయి, వీళ్లు అక్కడికి రాలేదని తెలిసి వెనక్కొచ్చిన నరసింహారావు పంచె పైకెగ్గట్టి వరండాలోకొచ్చాడు. "ఎవడి పర్మిషన్‌తో ఇక్కడికి తెచ్చారే? రెండూ ఇరవైకి మంచి ఘడియ ఉంది. డాక్టరు ఆపరేషన్ రూములో కూర్చుని ఉన్నాడు. దించండి పిల్లని!"

కాన్పు గది గుమ్మానికి అడ్డంగా శేషమ్మ నిలబడింది.

"ఆగు" అంది.

ముప్పై రెండేళ్ల కాపరంలో ఆయన్ని ఎన్నడూ ఏకవచనంతో పిలిచిన మనిషి కాదు. ఆయన నిజంగానే ఆగాడు.

"నువ్వు పడాల్సిన నొప్పులకి నన్ను కోయించావు. ఒకసారి కాదు, రెండుసార్లు. ముహూర్తమన్నావు, నమ్మినట్టు ఉన్నా. ఈ బెల్టు బిగించుకుని నీ కల్లంలో తాలేరాను, నీ ఓట్ల కోసం ఇల్లిల్లూ తిరిగాను, దగ్గొస్తే పేగు చేత్తో అదిమి పట్టుకుని దగ్గాను. నీ అయ్యకి తెలుసు నొప్పంటే ఏందో. లోపల నా కొడుక్కిప్పుడు తెలుస్తంది. మధ్యలో నీకొక్కడికే తెలవదు. ఆ పిల్ల మీద చెయ్యేస్తే ఈ ఊళ్లో నీకు పెళ్లామనే మనిషి ఉండదు. పో, ఆ బెంచీ మీద కూర్చో."

వరండాలో సూది మందుకొచ్చిన పది మంది ఉన్నారు. అందరూ విన్నారు. నరసింహారావు పోయి కూర్చున్నాడు.

ఒంటిగంటా పదికి లోపల సందీప్ పెట్టిన కేక రోడ్డు మీద జబ్బార్ చేతిలో టీ గ్లాసు జారేలా చేసింది. ఆ కేక ఆగీ ఆగకముందే సన్నగా ఇంకో గొంతు మొదలైంది. ఆడపిల్ల. మూడు కిలోలకి కొంచెం తక్కువ. భవిత ఒంటి మీద కత్తి గాటనేదే పడలేదు.

సందీప్ నేల మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "ఇంతుంటదా? అందరికీ ఇంతుంటదా?" అని రూతమ్మని అడుగుతున్నాడు.

"ఏడుపాపి బిడ్డనెత్తుకో" అంది భవిత. "పొద్దున నా దగ్గర దాచిన దానికి నీతో తర్వాత మాట్లాడతా. మర్చిపోయాననుకోమాక."

రూతమ్మ చేతులు కడుక్కుని, శేషమ్మకి కబురు చెప్పడానికి వరండాలోకొచ్చింది. బెంచీ మీద నరసింహారావు ముందుకు ఒరిగి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా కారుతుంది.

"శేషూ" అన్నాడు. "నడుంలో ఏదో... తిరిగి ముందుకొస్తంది."

రూతమ్మ ఆయన పొట్ట మీద అరచెయ్యి ఆనించి, గోడ గడియారం చూస్తూ నిలబడింది. గట్టిపడింది. చానాసేపటికి వదిలింది.

"మొదలయ్యాయి ప్రెసిడెంటు గారూ. ఇంకా చానా టైముంది, కంగారు పడమాకండి."

"ఎవరివి రూతమ్మా?" అనడిగింది శేషమ్మ.

"అది మీరే చెప్పాలమ్మా. బాగా పాతవి."

శేషమ్మ వేళ్ల మీద లెక్కేసుకుంది. "శ్రీకాంత్‌వి అయ్యుంటయ్యి. వాడికి ముప్పై ఒకటి నిండాయి. ఇవి తేలినాక సందీప్‌వి వస్తయ్యేమో."

నరసింహారావు ఆమె చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. రెండో నొప్పి లేస్తుంది. "నరసరావుపేట... కారు తియ్యమను. డాక్టరు రెడీగా ఉన్నాడు. ఆపరేషన్ చేయించు శేషూ, నీకు పుణ్యముంటది."

"ఏం కొయ్యమంటావు?" అంది శేషమ్మ.

ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని, మనవరాల్ని చూడ్డానికి లోపలికి పోయింది.